చేతికి వ్యాకరణము



1917వ సంవత్సరమున అమెరికాదేశములో, మాసచూసెట్స్ రాష్ట్రమందలి కేంబ్రిడ్జి అను పట్టణమున, హార్వర్డు విశ్వవిద్యాలయమువారి ముద్రణాలయమునుండి ఒక చిన్న ఇంగ్లీషు పుస్తకము వెలువడినది. దాని పేరు 'ది మిర్రర్ ఆఫ్ జెశ్చర్'. అభినయమునకు అద్దము అని దాని అర్థము. నందికేశ్వరుడు సంస్కృతమున రచించిన అభినయదర్పణమునకు అది అనువాదము. ముఖపత్రముమీద అనువాదకుల పేర్లు రెండున్నవి. మొదటిది ఆనంద కుమారస్వామి. రెండవది గోపాలకృష్ణయ్య దుగ్గిరాల. తెల్లవారి పద్ధతిని ఇంటిపేరు వెనుకకు పోయినందున మనవారు చప్పున పోల్చుకొనలేకపోవచ్చును గాని, ఈ రెండవవారు మన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారే. ఆంధ్రరత్నమని లోకము కొనియాడినది వారినే.

గోపాలకృష్ణయ్యగారు 1889లో కృష్ణామండలమందలి పెనుగంచిప్రోలున జన్మించిరి. పసితనముననే తల్లిదండ్రులను గోల్పోయిరి. రేపల్లె ప్రాంతపు కూచినపూడిలోను, పిదప గుంటూరిలోను విద్యాభ్యాసము చేసిరి. బాపట్ల తాలూకా కచేరీలో ఒక సంవత్సరము ఉద్యోగము వెలగబెట్టిరి. ఆ కొలువు వారికి రుచించినట్లు లేదు. 1911లో తమ మిత్రులగు నడింపల్లి నరసింహారావుగారితో గూడి సముద్రము దాటి, స్కాట్లండునందలి ఎడింబరో విశ్వవిద్యాలయమున ఎం.ఏ. చదువబోయిరి. సీమలో నున్న ఆ దినములలోనే కుమారస్వామితో పరిచయమేర్పడినది. ఆ పరిచయమునకు ఫలమే పైని చెప్పిన పుస్తకము.

చీరాల పేరాల గాథ మీ అందరకు తెలిసినదే. 1921లో మునిసిపాలిటీ పన్నుల భారమును సహింపక, పదివేలకు పైబడిన జనము ఇల్లువాకిళ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరమని పేరుపెట్టుకొని పాకలలో నెలల తరబడి కాపురముండిరి. వారిని నడపినవారు గోపాలకృష్ణయ్యగారు. వారి వెంట నడచినది రామదండు. ఈ కథ మన పాఠ్యపుస్తకములకెక్కినది, బుఱ్ఱకథలకెక్కినది. నాలుగు సంవత్సరములు ముందు అచ్చైన అభినయగ్రంథము మాత్రము ఎక్కవలసినచోట ఎక్కలేదు. దేశదేశముల నాట్యాచార్యులు ఆ పుస్తకమును నూరేండ్లుగా చదువుచున్నారు. దాని రెండవ అనువాదకుడు రేపల్లెసీమ పల్లెబడిలో అక్షరములు దిద్దినవాడని మన పిల్లలకు చెప్పువారు అరుదు. నేడు నేను ప్రసంగింపబోవునది ఆ పుస్తకమును గూర్చియు, అదే కేంబ్రిడ్జి పట్టణమున తొంబదిరెండు సంవత్సరముల తరువాత పుట్టిన ఒక యంత్రమును గూర్చియు. ఆ యంత్రము మెడలో ధరింపదగినది. మన చేతిసైగను చదువునది.

ముందు పుస్తకము సంగతి. అది పుట్టుటకు కారణము పీఠికలోనే కలదు. గోర్డన్ క్రెయిగు అను ఇంగ్లీషు నాటకప్రయోక్త, భారతదేశమున నటులకు శిక్షణ నిచ్చు శాస్త్రగ్రంథములెవ్వియైన నున్నచో తెలుపుమని కుమారస్వామిని పలుమారు అడిగెనట. పశ్చిమదేశముల నటుడు ఆ క్షణమున తనకు తోచినట్లు చేయి కదల్చును. అది సహజమని వారి తలంపు. మనదేశమున నటుని చేయి భాషవలె నేర్చుకొనబడినది. అక్షరములు, పదములు, సమాసములు గలది. గాలివాటుగా కదలునది కాదు. ఈ భేదమును సీమవారికి తెలియజెప్పుటకు ఒక మూలగ్రంథము కావలసివచ్చినది. కుమారస్వామి కొలంబోలో పుట్టి ఇంగ్లండున పెరిగినవాడు, కళలయందు దిట్ట. నాటకసంగీతములయందు బాల్యమునుండి మక్కువగల తెలుగు విద్వాంసుడొకడు తోడగుట ఆ గ్రంథమునకు కలిసివచ్చినది.

రేడియోలో చేతులను గూర్చి మాటలాడుట కొంత వింతయే. నేను ఇక్కడ కూర్చుండి పతాకము పట్టినను ముష్టి పట్టినను మీకు కనబడదు. కావున మీ చేతులనే మీరు చూచుకొనుచు వినుడని మనవి. కుడిచేతి వ్రేళ్లన్నియు చాచి ఒకదానికొకటి చేర్చి, బొటనవ్రేలిని మాత్రము వంచుడు. ఇది పతాకము. మేఘము, వనము, నది, వలదని వారించుట, గాలి మొదలగునవి దీనితో చూపుదురు. ఇప్పుడు ఉంగరపువ్రేలిని వంచుడు. త్రిపతాకమైనది. అది కిరీటము, చెట్టు, వజ్రాయుధము, దీపము. చిటికెనవ్రేలిని గూడ వంచినచో అర్ధపతాకము. అది చిగురుటాకు, వ్రాతపలక, ఏటియొడ్డు, చురకత్తి, గోపురము. ఒక్క వ్రేలు వంగినంతమాత్రమున నది పోయి కిరీటము వచ్చినది, కిరీటము పోయి కత్తి వచ్చినది. అభినయదర్పణమున ఒంటిచేతి ముద్రలు ఇట్టివి 28 కలవు. రెండుచేతులు కలిపి పట్టునవి ఇరువదికి పైబడి యున్నవి. భరతుని నాట్యశాస్త్రమున లెక్క వేరు. అందు ఒంటిచేతివి 24, జంటచేతులవి 13.

జంటచేతులలో మొదటిది అంజలి. రెండు పతాకములను అరచేతులు తాకునట్లు చేర్చిన అంజలి యగును. అనగా మనము నిత్యము పెట్టు నమస్కారమే. దీనికి నందికేశ్వరుడు చెప్పిన వినియోగము మనసున నుంచుకొనుడు. ఈ అంజలి శిరస్సుపై నున్నచో దేవతలకు, ముఖమునకెదురుగా నున్నచో గురువులకు, వక్షమునొద్ద నున్నచో విప్రులకు. చేయి ఒక్కటే, వ్రేళ్లు ఒక్కటే; నిలిపిన చోటునుబట్టి భావము మారినది. దీనితో మనకు ముందు పని యున్నది.

ఈ హస్తవిద్య రంగస్థలముమీద మాత్రమే బ్రతికినదని తలంపరాదు. వేదాధ్యయనమున స్వరమునకును చేతికిని గల సంబంధము మీలో కొందరెరిగినదే. సామగానము చేయువారు బొటనవ్రేలితో తక్కిన వ్రేళ్ల కణుపులను తాకుచు స్వరములను గుర్తింతురు. శుక్లయజుర్వేదులు చేతిని ఎత్తియు దించియు ఉదాత్తానుదాత్తములను చూపుదురు. చేయి లేక పఠించువానిని పాణినీయశిక్ష తీవ్రముగా నిందించినది. గ్రంథము లేనికాలమున శరీరమే గ్రంథము. జపము చేయువారి కరమాలయు అట్టిదే. బొటనవ్రేలు గాక తక్కిన నాలుగు వ్రేళ్లకు వ్రేలికి మూడు కణుపుల చొప్పున 12 కణుపులు. వానిలో నడిమివ్రేలి రెండింటిని మేరువుగా విడిచి, పదింటిపై లెక్కింతురు. సంగీతమున తాళమును వ్రేళ్లమీద ఎంచుటయు మీరెరిగినదే.

ఇక పశువుల సంతలో దళారి సంగతి. అమ్మువాడును కొనువాడును ఒకరి చేతినొకరు పట్టుకొందురు. పైన ఒక తుండుగుడ్డ కప్పుదురు. గుడ్డక్రింద వ్రేళ్లు నొక్కి ధర చెప్పుకొందురు. చుట్టును వందమంది నిలిచి చూచుచున్నను ఒక్కరికిని బేరము తెలియదు. నోరు మెదపకుండ జరుగు ఈ సంభాషణకు ఎవ్వరును శాస్త్రము వ్రాయలేదు. అయినను దానికి వ్యాకరణమున్నది. తప్పుగా నొక్కినవాడు డబ్బు పోగొట్టుకొనును గదా!

రంగస్థలము మాటకు వచ్చినచో మన ప్రాంతము తక్కువ తినలేదు. స్థానం నరసింహారావుగారు 1902లో బాపట్లలో జన్మించి, తెనాలి శ్రీరామవిలాససభలో చేరి, సత్యభామగా, చింతామణిగా, చిత్రాంగిగా, రోషనారగా ఆడి పేరొందిరి. పురుషుడై యుండి స్త్రీపాత్రలను ధరించుటలో వారికి సాటిలేదని అప్పటివారందరును ఒప్పుకొనిరి. 1956లో పద్మశ్రీ బిరుదము లభించినది. పైటకొంగు సర్దుకొనుట, జడను ముందుకు త్రిప్పుకొనుట, అలిగి ముఖము త్రిప్పుట ఇత్యాదులయందు వారి హస్తము మాటకంటె ముందుగా మాటలాడెడిదని చూచినవారు చెప్పుకొనెడివారు. మైకులు లేని కాలమున చివరివరుసలో కూర్చున్నవానికి పద్యము చేరకపోయినను చేయి చేరెడిది.

ఇంత వ్యవహారము మనచేతులలో జరుగుచుండగా, యంత్రము చేతిని చదువనేర్చినది ఎప్పుడు? ఈ చరిత్ర చాల నవీనము. కంప్యూటరు పుట్టిన చాలకాలమువరకు దానితో మాటలాడవలెనన్న మీటలు నొక్కవలసినదే. 1977లో అమెరికాలోని షికాగో నగరమున ఇల్లినాయి విశ్వవిద్యాలయమువారొక చేతితొడుగును నిర్మించిరి. దాని వ్రేళ్లవెంబడి మెత్తని గొట్టములు. ఒక్కొక్క గొట్టమునకు ఒక కొనను చిన్నదీపము, రెండవ కొనను వెలుగును కొలుచు బిళ్ల. వ్రేలు వంగినచో గొట్టము వంగును, వెలుగు తగ్గును, తగ్గిన వెలుగునుబట్టి వ్రేలెంత వంగినదో తెలియును. చూడుడు, త్రిపతాకమునకు అర్ధపతాకమునకు గల భేదమును ఒక దీపము కనిపెట్టుచున్నది! 1980లో కేంబ్రిడ్జినందలి మాసచూసెట్స్ సాంకేతికవిద్యాలయమున, గోడంత తెర యెదుట ఒక మనుష్యుని కుర్చీలో కూర్చుండబెట్టి, అతడు వ్రేలు చూపి 'దానిని అచ్చట పెట్టుము' అన్నచో తెరమీది బొమ్మ కదలునట్లు చేసిరి. 'అది', 'అచ్చట' అను సర్వనామములకు వ్రేలే అర్థము చెప్పినది. వ్యాకరణము చదివినవారికి ఇది సంతోషము కలిగింపవలసిన ప్రయోగము. 1987 నాటికి చేతితొడుగులు అంగడిలో అమ్మకమునకు వచ్చినవి గాని వెల సామాన్యులకు అందునది కాదు.

పైని చెప్పిన సాంకేతికవిద్యాలయమును ఎం.ఐ.టి. అని పిలుతురు. అది 1916లో, అనగా గోపాలకృష్ణయ్యగారి పుస్తకము వెలువడుటకు సరిగా ఒక సంవత్సరము ముందు, బోస్టను నగరమునుండి కేంబ్రిడ్జికి తరలివచ్చినది. ఆ పుస్తకము నచ్చొత్తించిన హార్వర్డు విశ్వవిద్యాలయమునకును దీనికిని నడుమ రెండుమైళ్ల దూరము, కాలినడకన పోదగినది. ఆ ఎం.ఐ.టి.లో మీడియా ల్యాబ్ అనునొక పరిశోధనాలయము కలదు. అందు ప్యాటీ మేస్ అను ఆచార్యురాలివద్ద గుజరాతుదేశపు పాలన్‌పురమున పుట్టిన ప్రణవ్ మిస్త్రీ అను యువకుడు శిష్యుడుగా నుండెను. అతడు నిర్మించిన పరికరమునకు మొదట 'వేర్ యువర్ వరల్డ్', అనగా నీ లోకమును నీవే ధరింపుము, అని పేరు. పిదప 'సిక్స్త్ సెన్స్' అను పేరు స్థిరపడినది. పంచేంద్రియములకు మించిన ఆరవ ఇంద్రియమని భావము. మన శాస్త్రములలో ఆరవ ఇంద్రియము మనస్సు. ఆ పేరును అతడు మెడలో వ్రేలాడదీసెను.

ఆ పరికరమున నున్నవి మూడే వస్తువులు: జేబులో పట్టునంత ప్రొజెక్టరు, ఒక కెమెరా, ఒక అద్దము. ఇవి సెల్‌ఫోనువంటి చిన్న కంప్యూటరునకు అతుకబడి, పతకమువలె రొమ్ముపై నుండును. బొటనవ్రేళ్లకును చూపుడువ్రేళ్లకును నాలుగు వేర్వేరు రంగుల తొడుగులు. కెమెరా మనుష్యుని చేతిని అంతయు అర్థము చేసికొనదు; ఆ నాలుగు రంగులను మాత్రము వెదకి పట్టుకొనును. ఏ రంగు ఎటు కదలినదో గుర్తించి, తనలో ముందుగా వ్రాసిపెట్టిన కదలికలతో పోల్చును. పోలిక కుదిరినచో పని చేయును. ప్రొజెక్టరు బొమ్మను ఎదుటి గోడమీదనో, చేతిలోని కాగితముమీదనో, అరచేతిమీదనో వెలుగుగా పరచును. రెండుచేతుల బొటనవ్రేళ్లు చూపుడువ్రేళ్లతో చతురస్రముగా చట్రము కట్టినచో ఛాయాచిత్రము తీయును. మణికట్టుమీద వ్రేలితో సున్న చుట్టినచో గడియారము కనబడును. వార్తాపత్రికను చేత పట్టినచో అందలి వార్తకు సంబంధించిన బొమ్మ కాగితముమీదనే కదలును. ఫోను చేయవలెనన్నచో అంకెల పలక అరచేతిమీద వెలుగును. దానిని వ్రేలితో తాకి పిలువవచ్చును.

ఆ అంకెల పలకలో మీటలెన్ని? అంకెలు పది, గుర్తులు రెండు, వెరసి 12. మన కరమాల కణుపులును 12. లెక్కకు పది, మేరువునకు రెండు. ఇది కాకతాళీయమే. మన పూర్వులు ఫోనును కనిపెట్టిరని చెప్పువారి గుంపులో నన్ను చేర్పవలదు. చేయి ఎక్కడనైనను చేయియే గనుక దానిమీద వ్రాయదగిన లెక్కలు తిరిగి తిరిగి అవియే అగుచున్నవని మాత్రము నేను గ్రహించితిని.

తోలుబొమ్మలాట చూచినవారికి ఈ పరికరపు పోకడ అంత క్రొత్తగా తోచదు. ఆటలో దీపము తెరవెనుక నుండును, ఆడించువాడు మఱుగున నుండును. ఇక్కడ ఆడించువాడే దీపమును రొమ్మున కట్టుకొని నడివీథిలో నడచును. ఎదురైన గోడయే తెర. కెనడా దేశస్థుడగు స్టీవ్ మాన్ అనునాతడు పది సంవత్సరములకు పూర్వమే మెడలో కెమెరాను ప్రొజెక్టరును ధరించి ఇట్టి ప్రయోగములు చేసియుండెను. కనుక ఆద్యుడు మిస్త్రీయే యనుట న్యాయము కాదు. అయితే సుమారు 350 డాలర్ల వెలలో, అంగడిలో దొరకు సామగ్రితో, సామాన్యునికి కండ్లకు కట్టునట్లు చూపినవాడు మిస్త్రీ. 2009 ఫిబ్రవరిలో అమెరికాలోని ఒక మహాసభలో ప్యాటీ మేస్ దానిని ప్రదర్శించెను. ఆ సంవత్సరము నవంబరులో మన పొరుగున నున్న మైసూరున ప్రణవ్ మిస్త్రీ స్వయముగా ప్రదర్శించి చూపెను. సభవారు లేచి నిలువబడి కరతాళధ్వనులు చేసిరి.

ఇప్పుడు అంజలి మాట. ఆ యంత్రమునకు నేర్పిన సైగలలో నమస్కారముకూడ ఒకటి. రెండుచేతులు జోడించినచో యంత్రము చేయుచున్న పనిని విడిచి మొదటి పుటకు, అనగా ఇల్లు అని వారు పిలుచు స్థానమునకు, మరలివచ్చును. భారతీయుడు చేసిన యంత్రమున భారతీయుల నమస్కారము చేరినదని నాకును మొదట ముచ్చట కలిగినది. కాని ఆలోచించినకొలది చిక్కు కనబడినది. శిరస్సుపై దేవతలకు, ముఖమునొద్ద గురువులకు, వక్షమునొద్ద విప్రులకు అని నందికేశ్వరుడు మూడువిధముల విడదీసిన అంజలి, యంత్రమునకు ఒక్కటే అర్థము నిచ్చుచున్నది: మొదటికి పొమ్ము. మా ఊరి రచ్చబండకడ ఒకరికొకరు నమస్కారము పెట్టుకొనుటలోనే పది భేదములున్నవి. పెద్దవానికి పెట్టునది వేఱు, బాకీవానికి పెట్టునది వేఱు, 'నీకును నీ మాటకును ఒక దండము' అని పెట్టునది మఱియు వేఱు. ఈ కడపటిదానికి యంత్రము ఏమి చేయునో!

తర్కశాస్త్రమున సంకేతమని ఒక మాట కలదు. ఈ పదమువలన ఈ అర్థము తెలియవలెనను ఏర్పాటు సంకేతము. ఘటమను శబ్దమునందు కుండ ఏమియు లేదు. మనమందరమొప్పుకొనుటచే ఆ శబ్దమునకు ఆ శక్తి వచ్చినది. చేతిసైగయు అంతే. రమ్మనుటకు మనము అరచేయి క్రిందికి పెట్టి వ్రేళ్లు కదల్తుము. పాశ్చాత్యులు అరచేయి పైకి త్రిప్పుదురు. ఔననుటకు మనము తల అటునిటు ఊపుట చూచి క్రొత్తగా వచ్చిన తెల్లవాడు కాదనుచున్నారని భ్రమపడును. సంకేతమును ఎవరు ఏర్పరచిరి అను ప్రశ్నకు ప్రాచీననైయాయికులు ఈశ్వరుడని చెప్పిరి, నవీనులు మనుష్యుల ఇచ్ఛయు చాలుననిరి. ధరింపదగిన ఈ యంత్రముల విషయమున ఉత్తరము మూడవది: యంత్రమును అమ్ము కంపెనీ. మనము ఒప్పుకొనకముందే ఏర్పాటు జరిగిపోవుచున్నది.

ఇది కేవలము పండితుని చాదస్తము కాదని చూపుటకు రెండు దృష్టాంతములు చాలును. సిక్స్త్ సెన్స్ అంగడికి రాలేదు. తరువాత వచ్చినవి వచ్చినవి. 2024లో హ్యూమేన్ అను అమెరికా కంపెనీ చొక్కాకు తగిలించుకొను ఒక బిళ్లను అమ్మినది. అది అరచేతిమీద పచ్చని వెలుగుతో అక్షరములు వ్రాసెడిది. చేతిని వంచినను వ్రేళ్లు తాటించినను దానికి అర్థమయ్యెడిది. కొన్నవారు ఆ సైగలను అభ్యసించిరి. 2025 ఫిబ్రవరి 28వ తేదీన కంపెనీవారు తమ కేంద్రమునుండి సేవను నిలిపివేసిరి. ఆనాటితో వందలకొలది డాలర్ల బిళ్లలు మూగవోయినవి. వానితోబాటు ఆ సైగల భాషయు ఏడాది నిండకముందే మృతభాష అయినది. అభినయదర్పణపు సంకేతములు ఎన్ని రాజ్యములు కూలినను నిలిచినవి. ఏలయన వానికి యజమాని లేడు.

రెండవది ఇంకను గట్టిది. 2016లో అమెరికాలోని వాషింగ్టను విశ్వవిద్యాలయ విద్యార్థులిద్దరు బధిరుల సైగభాషను మాటలుగా మార్చు చేతితొడుగులను చేసిరి. దానికి ఎం.ఐ.టి.తో సంబంధముగల లెమెల్‌సన్ బహుమానము 10,000 డాలర్లు లభించినది. పత్రికలన్నియు పొగడినవి. పొగడనివారు బధిరులే. సైగభాషలో వ్రేళ్లు ఒక పాలు మాత్రమే. కనుబొమలు ఎత్తుట, పెదవి విరుచుట, భుజము త్రిప్పుట, చేయి శరీరమునకు ఎంతదూరమున నున్నది అనునవి వ్యాకరణమునందలి భాగములు. ప్రశ్నయో ఉత్తరమో, ఔనో కాదో ముఖమునుబట్టి తేలును. తొడుగునకు ముఖమెక్కడిది? చేయి పోయిన దిక్కునకు చూపు పోవలెనని, చూపు పోయిన దిక్కునకు మనస్సు పోవలెనని నందికేశ్వరుడు విధించినదానిని 1917లోనే ఇంగ్లీషున పెట్టియుండిరి. అది రెండుమైళ్ల దూరమున అచ్చైన మాట. బహుమానమిచ్చినవారు దానిని తెఱచి చూచియుండిన బాగుండెడిది. మనదేశమున బధిరుల సైగభాషకు 2018లో 3,000 పదములతో ప్రభుత్వమువారి నిఘంటువు వెలువడినది. 2021 నాటికి అది 10,000 పదములకు పెరిగినది. చేతి భాషను బధిరులవద్దనే కూర్చుండి వ్రాసికొనిన పని గనుక అది సరియైన మార్గము.

మీకిందులో ఏమి ప్రయోజనమని అడుగుదురేమో. చదువురాని వృద్ధునికి, చూపు మందగించినవానికి, సెల్‌ఫోనులోని చిన్న అక్షరములు పగవారు. అట్టివానికి చేతితో చూపిన పని జరుగునట్లు యంత్రముండుట గొప్ప ఉపకారము. 2010నుండి ఆధార్ సంఖ్యలు వచ్చినవి. వ్రేలిముద్ర వేయుట మనకు అలవాటైనది. నలుబది సంవత్సరములు నారు పీకి, కొడవలి పట్టి, గడ్డి కోసిన వ్రేళ్ల రేఖలు అరిగిపోయి, యంత్రము 'నీవు నీవు కావు' పొమ్మనుట అనేకులకు అనుభవమే. వ్రేలిముద్ర యంత్రము నీవెవడవని అడుగును. సైగను చదువు యంత్రము నీకేమి కావలెనని అడుగును. రెండవ ప్రశ్న మర్యాదగలది. కాని మన సైగ దానికి తెలిసియుండవలెను. వణకు చేతిని, ఒక వ్రేలు యంత్రములో పోగొట్టుకొనిన చేతిని, అరచేయి క్రిందికి పెట్టి రమ్మను చేతిని అది చదువనేర్వనిచో ఈ మర్యాద మనవరకు రాదు. 2024లో ఆపిల్ కంపెనీ అమ్మిన కండ్లజోడులో బొటనవ్రేలు చూపుడువ్రేలు కలిపి తాటించుట ప్రధానమైన సైగ. 2025లో మెటా కంపెనీ అమ్మినది మణికట్టు పట్టీ. అది కెమెరాతో పనిలేకుండ కండరములలో పుట్టు సూక్ష్మవిద్యుత్తును కనిపెట్టి వ్రేళ్ల కదలికను తెలిసికొనును. రెండు వ్రేళ్లు కలిపిన ఆ సైగ మనకు హంసాస్యము. ముత్యము, దీపపు వత్తి, ఉపదేశము, మంగళసూత్రము కట్టుట దాని వినియోగములు. వారికి అది ఎన్నుకొనుట. ఒక్క హంసాస్యముతో వారు ఇంత వ్యాపారము చేయుచుండ, తక్కిన 27 మన పెట్టెలలో నున్నవి.

నాట్యశాస్త్రమునకు గ్రంథమున్నది, గోపాలకృష్ణయ్యగారి పుణ్యమున అది లోకమంతట తెలిసినది. వారు 1928లో, నలుబది నిండకుండనే కన్నుమూసిరి. సంతలోని తుండుగుడ్డ భాషకు మాత్రము గ్రంథము లేదు. ధర బిగ్గరగా చెప్పుకొను రోజులు వచ్చినవి, ఫోనులోనే బేరములు జరుగుచున్నవి. ఆ భాష తెలిసినవారు డెబ్బదియేండ్లు దాటినవారు. తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతముల పల్లెలలో అట్టివారింకను కలరు. బాపట్లలో వ్యవసాయకళాశాల 1945నుండి యున్నది, ఇంజనీరింగు కళాశాల 1981నుండి యున్నది. పశువును ఎరిగిన విద్యార్థియు, యంత్రము నెరిగిన విద్యార్థియు ఒకే ఊరిలో నున్నారు. వీరిద్దరు ఒక ముసలి దళారి ఎదుట ఒక పూట కూర్చున్నచో కావలసినంత సామగ్రి దొరకును. అంతవరకు ఆగనక్కరలేదు. మీ ఇంట మనుమడో మనుమరాలో వ్రాయనేర్చినవారుందురు. ఏ వ్రేలు పట్టిన ఏ అంకెయో, అర చెప్పుటకు ఎక్కడ నొక్కుదురో, బేరము కుదరదనుటకు చేయి ఎట్లు విడుతురో వారిచేత వ్రాయింపుడు. వ్రాయునప్పుడు పశువు దూడయా, పాడిగేదెయా, ఎద్దుల జతయా అనునదియు తప్పక చేర్పింపుడు. ఏలయన ఒకే వ్రేలు దూడకు వేయియు, ఎద్దుల జతకు పదివేలును అగును.